సానుకూల ప్రవర్తనా మద్దతు: యూఏఈలో సిబ్బంది శిక్షణ

నిర్వచనం, పరిధి

వైకల్యం ఉన్న వ్యక్తి తనను తాను కొట్టుకోవడం, పక్కవారిని కరవడం, వస్తువులు విసరడం, ఉన్నచోటి నుంచి పరుగెత్తిపోవడం వంటివి చేస్తున్నప్పుడు వాటిని శిక్షతోనో బలప్రయోగంతోనో అణచకుండా, ఆ పని వల్ల ఆ వ్యక్తికి ఏం దక్కుతోందో ముందు కనుక్కొని, దాన్ని పొందడానికి మెరుగైన దారి నేర్పి, ఆ అవసరం తరచుగా తలెత్తకుండా పరిసరాలను సరిదిద్దే పద్ధతిని సానుకూల ప్రవర్తనా మద్దతు అంటారు. ఆంగ్ల నామమైన పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్‌కు పొడి అక్షరాలు పీబీఎస్. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవారి విషయంలో దీని వాడకం ఎక్కువ. ప్రవర్తన తగ్గడం ఒక్కటే దీని లక్ష్యం కాదు. బడికి వెళ్లగలగడం, నలుగురితో కలిసి తినగలగడం, తనకు కావలసినదాన్ని తానే ఎంచుకోగలగడం వంటి జీవన ప్రమాణాలు మెరుగుపడితేనే పద్ధతి ఫలించినట్టు లెక్క.

ఈ వృత్తికి ఒక విలక్షణత ఉంది. ప్రణాళిక రాసే నిపుణులు ఆ వ్యక్తి దగ్గర వారానికి గంటో రెండు గంటలో ఉంటారు. దాన్ని అమలు చేసేవారు మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా ఉంటారు: తరగతి ఉపాధ్యాయురాలు, పిల్లవాడి పక్కన కూర్చునే షాడో టీచర్, పునరావాస కేంద్రంలోని సహాయకులు, ఇంట్లో తల్లిదండ్రులు, చాలా ఇళ్లలో ఆయా. అందువల్ల పీబీఎస్ నిపుణుల అసలు పని చికిత్స చేయడం కన్నా చేసేవారికి నేర్పడం. ఈ రంగంలో ఒక దేశం ఎక్కడుందో చెప్పాలంటే అక్కడ ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నాయో లెక్కపెడితే చాలదు. నైపుణ్యం రోజంతా పక్కనుండే ఆ చివరి మనిషి చేతిదాకా వెళ్తోందా అన్నది చూడాలి. నివాసుల్లో దాదాపు పదింట తొమ్మిది మంది విదేశీయులైన, సిబ్బంది రెండు మూడేళ్లకోసారి మారిపోయే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు ఈ కొలత మరీ అవసరం.

చారిత్రక నేపథ్యం

పీబీఎస్‌కు మూలం ప్రవర్తనా విశ్లేషణ. బి.ఎఫ్. స్కిన్నర్ ప్రతిపాదించిన కార్యసాధక నిబంధనాన్ని మన బీఈడీ పాఠ్యపుస్తకాలు చదివినవారు ఎరుగుదురు: ఒక పనికి వచ్చే పర్యవసానమే ఆ పని మళ్లీ జరుగుతుందా లేదా అన్నదాన్ని నిర్ణయిస్తుంది. ఈ సూత్రాన్ని ప్రయోగశాల నుంచి నిత్యజీవితంలోకి తెచ్చినవారు 1968లో ప్రత్యేక పత్రికను ప్రారంభించి అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణకు, అంటే ఏబీఏకు, శాస్త్ర ప్రతిపత్తి కల్పించారు. తొలి దశాబ్దాల్లో అరవడం, నొప్పి కలిగించడం, ఒంటరిగా గదిలో ఉంచడం కూడా చికిత్సలుగానే చలామణి అయ్యాయి. 1982లో బ్రయాన్ ఇవాటా బృందం బాల్టిమోర్‌లో తొమ్మిది మంది పిల్లలపై జరిపిన పరిశీలన ఈ ధోరణిని మార్చిన తొలి మలుపుల్లో ఒకటి. తనను తాను గాయపరచుకునే ప్రవర్తన అందరిలో ఒకేలా కనిపించినా కారణం ఒకటి కాదని ఆ పరిశీలన చూపింది. ఒకరికి అది ఇతరుల ధ్యాస తెచ్చిపెడుతుంది, ఇంకొకరికి కష్టమైన పని నుంచి తప్పిస్తుంది, మరొకరికి ఆ కదలికే తృప్తినిస్తుంది. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ మరో అడుగు వేశారు. నలుగురు పిల్లలకు సాయమో మెచ్చుకోలో అడిగే మాట నేర్పితే అల్లరి తగ్గిందని నిరూపించారు. ప్రవర్తనను ఒక రకం భాషగా చూడడం అక్కడి నుంచి స్థిరపడింది.

1990లో రాబర్ట్ హార్నర్ తదితరులు బాధ కలిగించని ప్రవర్తనా మద్దతు గురించి రాసిన వ్యాసంతో పీబీఎస్‌కు విడి ఉనికి ఏర్పడింది. అమెరికా ప్రత్యేక విద్యా చట్టానికి 1997లో జరిగిన సవరణలు సానుకూల ప్రవర్తనా చర్యలను, ప్రవర్తన ప్రయోజనాన్ని అంచనా వేయడాన్ని చట్టంలోకి తెచ్చాయి. బ్రిటన్‌లో మార్పుకు ఊతమిచ్చింది ఒక దుర్ఘటన. వింటర్‌బోర్న్ వ్యూ అనే ఆసుపత్రిలో వైకల్యం ఉన్నవారిని సిబ్బంది హింసించడాన్ని 2011లో బీబీసీ బయటపెట్టింది. ఆ తర్వాత 2015లో అక్కడి పీబీఎస్ సంఘాల కూటమి, సిబ్బందికి ఏ స్థాయిలో ఏ సామర్థ్యం ఉండాలో వివరించే చట్రాన్ని ప్రచురించింది. పీబీఎస్ కొత్త శాస్త్రం కాదనీ పాత ఏబీఏకే వేసిన కొత్త చొక్కా అనీ కొందరు ప్రవర్తనా విశ్లేషకులు అభ్యంతరం చెప్పారు. సూత్రాల మేరకు వారి మాట చాలావరకు నిజం. తేడా సూత్రాల్లో లేదు, ఎవరి జీవితం ఎవరి ఇష్టప్రకారం మారాలి అన్న ప్రశ్నకు ఇచ్చే జవాబులో ఉంది.

యూఏఈలో చట్టాలు, సంస్థలు

ఎమిరేట్స్‌లో వైకల్య సేవలు చట్టాలకన్నా ముందే మొదలయ్యాయి. షార్జా సిటీ ఫర్ హ్యుమానిటేరియన్ సర్వీసెస్ 1979 నాటిది. దుబాయ్‌లో అల్ నూర్ కేంద్రం 1981లో, దుబాయ్ ఆటిజం సెంటర్ 2001లో ఏర్పడ్డాయి. అబుదాబి ప్రభుత్వం 2004లో జాయెద్ పేరిట ఉన్నత సంస్థను నెలకొల్పి చెదురుమదురుగా ఉన్న కేంద్రాలను ఒక గొడుగు కిందికి తెచ్చింది. సిబ్బంది శిక్షణ దృష్టితో చూస్తే 2007 ముఖ్యమైన సంవత్సరం. అమెరికాలోని మాసాచుసెట్స్‌లో పనిచేసే న్యూ ఇంగ్లండ్ సెంటర్ ఫర్ చిల్డ్రన్, అబుదాబి ప్రభుత్వ సహకారంతో అక్కడ శాఖ తెరిచింది. పాఠ్యక్రమంతోపాటు, కొత్తగా చేరిన ఉపాధ్యాయుల పనిని పర్యవేక్షకులు పక్కనుండి చూస్తూ దిద్దే అలవాటును కూడా వెంట తెచ్చింది.

2006 నాటి 29వ ఫెడరల్ చట్టం వైకల్యం ఉన్నవారి హక్కులకు పునాది. ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల ఒడంబడికపై దేశం 2008లో సంతకం చేసి 2010లో ధ్రువీకరించింది. వదీమా చట్టంగా పేరుపడిన 2016 నాటి బాలల హక్కుల చట్టం పిల్లలపై హింసను నేరంగా పరిగణిస్తుంది కాబట్టి, కొట్టి దారికి తేవడం ఇప్పుడు పద్ధతుల మధ్య ఎంపిక కాదు, చట్ట ఉల్లంఘన. 2017 ఏప్రిల్‌లో సాధికారతా జాతీయ విధానం వెలువడింది. అప్పటి నుంచి అధికార పత్రాల్లో 'అస్హాబ్ అల్ హిమమ్', అంటే దృఢసంకల్పం గలవారు, అన్న మాట స్థిరపడింది. మన దేశంలో వికలాంగులు పోయి దివ్యాంగులు వచ్చినట్టే ఇదీ. పేరు మార్పు గౌరవాన్ని సూచించగలదు కానీ తరగతి గదిలో ఏం చేయాలో చెప్పదు. దుబాయ్ ప్రైవేటు పాఠశాలలను నియంత్రించే కేహెచ్‌డీఏ అదే 2017లో సమ్మిళిత విద్యా విధాన చట్రాన్ని, 2020లో దానికి మార్గదర్శకాలను ఇచ్చింది. ఇన్‌క్లూజన్ ఛాంపియన్, సపోర్ట్ టీచర్, లెర్నింగ్ సపోర్ట్ అసిస్టెంట్ అన్న హోదాలకు బడిలో స్పష్టమైన స్థానం అలా వచ్చింది. 2021లో మంత్రివర్గం ఆమోదించిన ఆటిజం జాతీయ విధానం మానవ వనరులను ప్రత్యేక అంశంగా చేర్చింది. మద్దతు ఇవ్వాలని చట్టాలు చెబుతాయి. ఆ మద్దతును సమర్థంగా ఇచ్చేలా మనిషిని తయారుచేసే పని మాత్రం లైసెన్సు కార్యాలయాలకు, సంస్థలకు మిగిలింది.

అర్హతలు, లైసెన్సులు

యూఏఈలో పీబీఎస్ పేరుతో ఒకే లైసెన్సు లేదు. క్లినికల్ సేవలకు దుబాయ్‌లో ఆరోగ్య అథారిటీ, అబుదాబిలో ఆరోగ్య శాఖ అనుమతి ఇస్తాయి. సామాజిక సంరక్షణ వృత్తులను దుబాయ్‌లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అథారిటీ, అబుదాబిలో సామాజికాభివృద్ధి శాఖ చూస్తాయి. బడిలో పనిచేసేవారికి విద్యా నియంత్రణ సంస్థల నిబంధనలు వర్తిస్తాయి. ఒకే బాలుడికి ఉదయం బడిలో, సాయంత్రం కేంద్రంలో సాయపడే ఇద్దరు వేర్వేరు కార్యాలయాలకు జవాబుదారీ కావచ్చు.

ఈ అమరికలో చాలాకాలం ఉమ్మడి కొలమానంగా నిలిచింది అమెరికాలోని బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు. 1998లో ఏర్పడిన ఆ బోర్డు ఇచ్చే బీసీబీఏ అర్హత మాస్టర్స్ స్థాయి నిపుణులది. 2014లో మొదలైన ఆర్‌బీటీ ప్రత్యక్ష సేవ చేసేవారిది: 40 గంటల శిక్షణ, చేసి చూపించే పరీక్ష, రాతపరీక్ష, ఆ తర్వాత పని గంటల్లో కనీసం 5 శాతానికి పర్యవేక్షణ. దుబాయ్, అబుదాబి కేంద్రాల ఉద్యోగ ప్రకటనల్లో ఈ రెండు పేర్లూ మామూలే. అయితే 2019 డిసెంబరులో ఆ బోర్డు ఒక ప్రకటన చేసింది. 2023 జనవరి 1 నుంచి కొత్త దరఖాస్తులను కొద్ది దేశాల నివాసుల నుంచే తీసుకుంటామన్నది దాని సారాంశం. ఆ దేశాల్లో యూఏఈ లేదు. అప్పటికే అర్హత పొందినవారికి ఇబ్బంది లేకపోయినా కొత్తవారికి దారి మూసుకుపోయింది. ఆ ఖాళీలోకి ఐబీఏఓ, క్యూఏబీఏ అనే అంతర్జాతీయ సంస్థల సర్టిఫికెట్లు వచ్చాయి.

ఈ మార్పును కేవలం పరిపాలనా చిక్కుగా చూడకూడదు. ఎక్కడో ఉన్న ప్రైవేటు బోర్డు తన పరిధిని కుదించుకుంటే ఇక్కడి మొత్తం వృత్తి మెట్ల వరుస కదిలిపోయిందంటే, నాణ్యతకు కొలబద్ద దేశంలో లేదనే అర్థం. కాగితాన్ని దిగుమతి చేసుకోవచ్చు. పక్కన నిలబడి చేతిపని దిద్దేవారిని ప్రతి బడికీ, ప్రతి ఇంటికీ దిగుమతి చేసుకోలేరు. అంతర్జాతీయ అర్హత లేకపోతే ఎవరు పడితే వారు నిపుణులమని చెప్పుకొంటారన్న భయం సహేతుకమే. దానికి విరుగుడు అర్హతను వదులుకోవడం కాదు, అర్హతతోపాటు పనిచేసే చోట పర్యవేక్షణను కూడా లైసెన్సు షరతుగా చేయడం. ఆర్‌బీటీలో నిజంగా విలువైన భాగం ఆ 5 శాతమే. 40 గంటల పాఠం వీడియోల్లోనూ దొరుకుతుంది.

శిక్షణ పద్ధతి

పీబీఎస్ శిక్షణలో మొదట నేర్పేది చూడడం. 'వీడికి కోపం ఎక్కువ', 'ఈమె మొండిది' అన్న మాటలను పక్కనపెట్టి, ముందు ఏం జరిగింది, వ్యక్తి ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది అన్న మూడు గడుల్లో రాయించడంతో పని మొదలవుతుంది. లెక్కల పుస్తకం తీయమనగానే ఒక పిల్లవాడు దాన్ని విసిరేస్తాడనుకుందాం. టీచర్ అతన్ని వరండాలోకి పంపుతుంది. శిక్షించానని ఆమె అనుకుంటుంది, తప్పించుకున్నానని పిల్లవాడు నేర్చుకుంటాడు. వారం రోజులు రాసిన గడులు పక్కపక్కన పెడితే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఇక ప్రణాళికలో మూడు పనులుంటాయి. లెక్కలను చిన్న ముక్కలుగా ఇవ్వడం నివారణ. విసరడానికి బదులు 'కాసేపు ఆగుతా' అనే కార్డు చూపడం నేర్పడం బోధన. కార్డు చూపినప్పుడు తప్పకుండా విరామం ఇవ్వడం పునర్బలనం. పెద్దవారికి కష్టమనిపించేది ఈ మూడోదే. అడిగినప్పుడల్లా వదిలేస్తే గారాబం అవుతుందన్న సంకోచం వారిని వెనక్కి లాగుతుంది. నిపుణులు చెప్పినంత మాత్రాన ఆ సంకోచం పోదు. చేసి, ఫలితం కళ్లారా చూశాక పోతుంది.

అందుకే ఈ రంగంలో ప్రామాణికమైన బోధనా పద్ధతికి నాలుగు దశలు. చెప్పడం, చేసి చూపడం, నేర్చుకునేవారి చేత చేయించడం, అక్కడికక్కడే సరిదిద్దడం. తప్పు లేకుండా చేసేదాకా చివరి రెండూ మళ్లీ మళ్లీ జరుగుతాయి. డ్రైవింగ్ నేర్పేవారు ఎవరైనా చేసేది ఇదే. చిత్రమేమిటంటే ప్రవర్తనా శిక్షణ పేరిట జరిగే కార్యక్రమాల్లో ఎక్కువ భాగం మొదటి దశతోనే ఆగి, హోటల్ హాలులో స్లయిడ్లు, భోజనం, హాజరు ధ్రువపత్రంతో ముగుస్తాయి. విన్నవారికి విషయం తెలుస్తుంది కానీ చేతికి రాదు. ఉపాధ్యాయ శిక్షణలో ఇదే సంగతిని జాయిస్, షవర్స్ 1980ల నుంచీ చెబుతూ వచ్చారు: ఉపన్యాసం తరగతి గదిలోకి అడుగుపెట్టాలంటే వెంట శిక్షకులూ రావాలి.

శిక్షకుల సంఖ్య చాలనప్పుడు వాడే ఏర్పాటు పిరమిడ్ శిక్షణ. టెరీ పేజ్, ఇవాటా, డెన్నిస్ రీడ్ 1982లో ఒక సంస్థలో దీన్ని పరీక్షించారు. నిపుణులు పర్యవేక్షకులకు నేర్పితే, వారు కింది సిబ్బందికి నేర్పగా, ఆ సిబ్బంది పనితీరు మెరుగుపడింది. యూఏఈకి అమరేది ఈ నమూనాయే. ప్రవర్తనా విశ్లేషకులు బడిలోని సపోర్ట్ టీచర్లను సిద్ధం చేస్తారు. ఆ టీచర్లు ఏడాది పొడవునా చేరుతూ పోతూ ఉండే అసిస్టెంట్లను సిద్ధం చేస్తారు. వీసా గడువు తీరి ఒక అసిస్టెంట్ వెళ్లిపోయినా నేర్పే మనిషి బడిలో మిగులుతారు.

ఆక్షేపణలు, సాక్ష్యాల విచారణ

శిక్షణ మీద ఇంత భారం మోపడానికి బలమైన అభ్యంతరం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. ఆంజెలా హసియోటిస్ బృందం 23 సేవా బృందాలలో, 246 మంది వ్యక్తులతో జరిపిన యాదృచ్ఛిక పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. సిబ్బందికి పీబీఎస్ శిక్షణ ఇచ్చిన బృందాల్లోని వ్యక్తుల ప్రవర్తనా సమస్యలు, మామూలు సేవలు అందుకున్నవారితో పోలిస్తే ఏడాదిలో ఎక్కువగా తగ్గలేదు. శిక్షణ పొందినవారి జ్ఞానం, వైఖరి మెరుగుపడతాయని అంతకుముందు సమీక్షలు చెప్పాయి కాబట్టి ఈ ఫలితాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే ఆ పరీక్షలో శిక్షణ అందుకున్న సిబ్బంది అనుకున్న అంశాలన్నీ అందరికీ అందించలేకపోయారన్న సంగతి కూడా నివేదికలోనే ఉంది. దీని నుంచి తీయదగిన నిర్ధారణ శిక్షణ వ్యర్థమని కాదు. కొన్ని రోజుల తరగతి, ఆ తర్వాత ఎవరి దారి వారిది అన్న ఏర్పాటు వల్ల శిక్షణ ఖర్చు నమోదవుతుంది కానీ ప్రవర్తన మారదు. కొలవవలసింది తరగతికి ఎందరు వచ్చారన్నది కాదు, ప్రణాళికలోని పనులు మంగళవారం మధ్యాహ్నం నిజంగా జరుగుతున్నాయా అన్నది.

రెండో ఆక్షేపణ పిరమిడ్ మీద. చేతులు మారినకొద్దీ నైపుణ్యం పలుచనవుతుందంటారు. పలుచనవుతుంది, పైమెట్టు వారు కింది మెట్టును ఎప్పటికప్పుడు చూడకపోతే. మూడో ఆక్షేపణ ఇంకా లోతైనది, ఆటిజం ఉన్న పెద్దలు చేస్తున్నది: ప్రవర్తనా పద్ధతులు పిల్లవాణ్ని తన బాధ దాచుకొని మామూలుగా కనిపించడానికి అలవాటు చేస్తాయని. చేతులు ఊపడం, కళ్లలోకి చూడకపోవడం ఎవరికీ హాని చేయవు. వాటిని మాన్పించడం లక్ష్యంగా పెట్టుకున్న కార్యక్రమాలకు ఈ విమర్శ అక్షరాలా తగులుతుంది. పీబీఎస్ సిద్ధాంతం అలాంటి లక్ష్యాలను తిరస్కరిస్తుంది కానీ సిద్ధాంతం దానంతటది అమలు కాదు. 'ఈ ప్రవర్తన ఎవరికి ఇబ్బంది?' అన్న ప్రశ్న అడగడం శిక్షణలో మొదటి రోజే అలవడాలి. వద్దని చెప్పగలగడం, ఆ మాట చెల్లడం కూడా నేర్పవలసిన నైపుణ్యమే.

ఇల్లు, భాష (చూ. గల్ఫ్ వలస; ప్రత్యేక విద్య)

విదేశీ పాఠ్యపుస్తకాలు అంతగా పట్టించుకోనిదీ, యూఏఈలో అన్నిటికన్నా బరువైనదీ ఇంటి సంగతి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే కుటుంబాల్లో, అరబ్బుల పెద్ద ఇళ్లలో, పిల్లవాడికి స్నానం చేయించి అన్నం తినిపించి నిద్రపుచ్చేది తరచుగా ఆయా. ఆమె ఫిలిప్పీన్స్ నుంచో, ఇథియోపియా నుంచో, ఇండోనేషియా నుంచో వచ్చి ఉంటుంది. కోనసీమ నుంచీ కడప, రాయచోటి ప్రాంతాల నుంచీ ఇంటిపనికి గల్ఫ్ దారి పట్టిన మన ఆడవాళ్లను ఊళ్లో 'ఖద్దామా' అనే అరబ్బీ మాటతోనే పిలుస్తారు. బడిలో పిల్లవాడు కార్డు చూపితే విరామం, ఇంట్లో అరిస్తే ట్యాబ్ చేతికి వస్తే, ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు. అయినా ఆమెను శిక్షణకు పిలవడం అరుదు. పిలిచినా పాఠం ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటుంది. ఆమె ఉద్యోగం ఇంటిపని మాత్రమేననీ, చికిత్స బాధ్యత ఆమెపై మోపడం అన్యాయమనీ అనవచ్చు. న్యాయమైన మాటే. కానీ ఆ బాధ్యత శిక్షణ లేకుండానే ఇప్పటికే ఆమె మీద ఉంది. కాబట్టి ఆమె చేస్తున్న పనికి పేరు, సమయం, వేతనం కల్పించి నేర్పడమే న్యాయానికి దగ్గరి దారి.

కార్డుపై రాసే మాట ఏ భాషలో ఉండాలన్నదీ చిన్న ప్రశ్న కాదు. దుబాయ్‌లో ఉండే తెలుగు కుటుంబంలోని పిల్లవాడు బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, ఆయాతో హిందీ వింటాడు. ఒక్క అవసరానికి మూడు మాటలు నేర్పడం కన్నా, బొమ్మ ఉన్న ఒకే కార్డును మూడు చోట్లా గుర్తించేలా ముగ్గురు పెద్దలకు నేర్పడం తేలిక. రోజూ పక్కనుండేవారికి నేర్పే విషయంలో హైదరాబాద్‌కు చెప్పుకోదగ్గ అనుభవం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడి, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీగా పిలుస్తున్న జాతీయ సంస్థలో రీటా పెషావారియా, ఎస్. వెంకటేశన్ 1992లో భారతీయ పిల్లల కోసం ప్రవర్తనా అంచనా మాపనిని రూపొందించారు. దాని రెండో భాగంలో ప్రవర్తనా సమస్యలు 10 విభాగాల్లో 75 అంశాలుగా ఉంటాయి. మామూలు ఉపాధ్యాయులు ప్రవర్తనా పద్ధతిలో ఎలా బోధించాలో వివరించే కరదీపికను కూడా వారే అదే ఏడాది రాశారు. ఖరీదైన నిపుణులు దొరకని చోట తరగతి టీచరు చేతికి పనిముట్టు ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది. అదే 1992లో వచ్చిన భారత పునరావాస మండలి చట్టం కింద నమోదైన ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులకు ఈ సంప్రదాయం కొత్తేమీ కాదు. వారిలో గల్ఫ్ చేరినవారు సహాయకుల హోదాలో కుదిరినప్పుడు, ఇళ్లలో పనిచేసే ఆయాలకు తెలుగులో, హిందీలో, ఉర్దూలో నేర్పగల ఆ పూర్వ శిక్షణ అక్కడి లైసెన్సు పత్రాల్లో ఏ గడిలోనూ పట్టదు.